బానెట్ మీద స్టెప్నీ పెట్టించొచ్చా?

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా జయపురం. వెనక డోర్‌కి స్టెప్నీ ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండి వాడుతున్నాను, టైర్లు 245/75 ఆర్16. సునాబెడ, పొట్టంగి మీదుగా సాలూరు దిగడం, సెలవులొస్తే పిల్లల్ని తీసుకుని దేవమాలి ఎక్కడం మాకు మామూలే. ఈ మధ్య గతుకుల్లో వెనక డోర్ లడలడమంటోంది, పైగా సామాను పెట్టాలంటే చక్రంతో సహా అంత బరువూ లాగాలి. పాత ల్యాండ్ రోవర్ల ఫొటోల్లో స్టెప్నీ బానెట్ మీదే ఉంటుంది కదా, అలా చేయిద్దామని వెల్డింగ్ షాపులో అడిగితే ఒక ప్లేటు, మూడు బోల్టులు వేస్తే అయిపోతుందన్నారు. మా బావమరిది మాత్రం వద్దంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: మీ బావమరిది చెప్పినట్టే చేయండి. బానెట్ జోలికి పోవద్దు, ఆ డబ్బుతో వెనక డోర్ బాగుచేయించుకోండి. ఎందుకో చెబుతాను.

1948లో వచ్చిన ల్యాండ్ రోవర్ పొలం పనికీ, బరువులు మోయడానికీ చేసిన బండి. వెనక తొట్టి ఖాళీగా ఉంటే అంత సామాను ఎక్కువ పడుతుంది, అందుకని స్టెప్నీని ముందుకు తెచ్చారు. అయితే మామూలు బానెట్ మీద చక్రం పడేసి బోల్టు బిగించలేదండీ. స్టెప్నీ పెట్టే బండికి అడుగున పట్టీలతో బలపరిచిన బానెట్ వేరే ఇచ్చేవాళ్లు, చక్రం కదలకుండా కూర్చోవడానికి మధ్యలో పళ్లెంలాంటి గుంట ఉండేది, ఆ బానెట్ కూడా బల్లపరుపుగా ఉండేది. ఇంత చేసినా దాన్ని ఎత్తడం ఒక మనిషికి గట్టి పనే.

మీ బండి బానెట్ అలాంటిది కాదు. పైన ఒక పలచటి రేకు, కింద దానికి ఊతంగా ఇంకో రేకు, అంతే. మీ సైజు టైరు రిమ్ముతో కలిపి 30 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, మడ్ టైరైతే ఇంకాస్త ఎక్కువ. బండి నిలబడి ఉన్నప్పుడు 30 కిలోలే గానీ గుంటలో పడి లేచిన ప్రతిసారీ ఆ బరువు దెబ్బ కొట్టినట్టు పడుతుంది, బానెట్ కబ్జాలూ లాకూ అంతకి తట్టుకునేలా చేసినవి కావు. వెల్డింగ్ షాపువాళ్లు వేసే మూడు బోల్టుల కన్నాల దగ్గరే ముందు రేకు చీరుకుంటుంది. మీ వైపు కురిసే వానలకి ఆ కన్నాల అంచున తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. ఇక ఆయిల్ చూడాలన్నా, కూలెంట్ పోయాలన్నా చక్రం విప్పి కింద పెట్టాలి. విప్పకుండా బానెట్ ఎత్తి ఆ సన్నటి రాడ్డు మీద నిలబెట్టి తలకాయ లోపల పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఇవన్నీ ఒక ఎత్తు. చూపు ఒక ఎత్తు. నేను వద్దనడానికి అసలు కారణం ఇదే. 245 అంటే టైరు వెడల్పు 24 సెంటీమీటర్లన్నర, పడుకోబెడితే అదే దాని ఎత్తు. డ్రైవర్ సీట్లో మీ కన్ను బానెట్ కంటే ఒక 60 సెంటీమీటర్లు పైన ఉందనుకోండి, అందులో ఇంచుమించు 25 టైరే తినేస్తుంది, ఇక మిగిలేది 35. మైదానం రోడ్డు మీద సర్దుకుపోవచ్చేమో గానీ ఘాట్‌లో కుదరదు. సుంకి ఘాట్‌లో గానీ, 1,672 మీటర్ల దేవమాలికి వెళ్లే దారిలో గానీ ఎక్కుడు ముగిసి రోడ్డు అవతలికి వాలే చోట బండి ముక్కు ఆకాశం వైపు ఉంటుంది. బానెట్ ఖాళీగా ఉంటేనే అక్కడ ఒకటి రెండు క్షణాలు రోడ్డు కనిపించదు, మీద టైరు కూడా ఉంటే అవతల మేక నిలబడినా తెలీదు. చలికాలం పొద్దున్నే పొగమంచులో, కుందులి సంత రోజున కావడి వేసుకుని రోడ్డు వారగా నడిచేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకంటే మీకే బాగా తెలుసు.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఇంటి దగ్గరే చూసుకోండి, ఒక్క రూపాయి ఖర్చు లేదు. పంక్చర్ షాపులో అదే సైజు పాత టైరు, రిమ్ము లేనిది, ఒక గంటకి అడిగి తెచ్చుకోండి. బానెట్ మీద మందపాటి దుప్పటి పరిచి దాని మీద పడుకోబెట్టండి. మీరు రోజూ కూర్చున్నట్టే సీట్లో కూర్చోండి, ఇంజన్ ఆపి, తాళంచెవి తీసేసి. మీ పిల్లల్లో చిన్నవాణ్ణి బంపర్ ముందు నిలబెట్టి, తల వెంట్రుకలు కనిపించేదాకా ఒక్కో అడుగు వెనక్కి నడవమనండి. ఎన్ని అడుగులయ్యాయో లెక్కపెట్టండి. టైరు తీసేసి మళ్లీ అదే చేయండి. ఆ రెండు లెక్కలూ చూశాక మీరే నిర్ణయించుకోండి.

ఇంకో సంగతి. మనిషికి బండి తగిలితే ముందు పడేది బానెట్ మీదే, అక్కడి రేకు కాస్త లోపలికి పోవడం వల్లే తలకి దెబ్బ తగ్గుతుంది, ఇనప రిమ్ము పెట్టాక అదేమీ ఉండదు. ఎదురు గుద్దుడులో బోల్టులు తెగితే అంత బరువూ నేరుగా మీ అద్దం మీదికే వస్తుంది. 2017 డిసెంబరులో కేంద్రం బుల్ బార్ల మీద, అంటే బంపర్ ముందు బిగించే ఇనప కమ్మీల మీద, చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసిందీ నడిచేవాళ్ల ప్రాణం గురించే. చట్టం కూడా మీ వైపు లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఓనర్‌కి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ క్లెయిములో పేచీ వస్తే అది ఇంకో టెన్షన్.

ఇప్పుడు మీ లడలడ సంగతి. వెనక డోర్ సగం తెరిచి, లాకు ఉండే చివరన చేత్తో పట్టుకుని పైకి ఎత్తి చూడండి. కబ్జా దగ్గర టకటకమని ఆడితే పిన్ను అరిగింది, పిన్నూ బుష్షూ మార్పిస్తే సరిపోతుంది. కబ్జా గట్టిగానే ఉండి, డోర్ వేశాక మాత్రమే చప్పుడు వస్తుంటే డోర్ అంచున ఉండే రబ్బరు స్టాపర్లు అణిగిపోయాయేమో, బాడీకి ఉండే లాకు కొక్కెం జరిగిందేమో చూడమనండి. స్టెప్నీ బ్రాకెట్ బోల్టులు, వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో మీరే స్పానర్ పెట్టి చూడొచ్చు, చాలా బళ్లలో రోగం అక్కడే దొరుకుతుంది. కంపెనీ సైజు కాకుండా పెద్ద మడ్ టైరు తగిలించి ఉంటే మాత్రం ముందు దాన్ని మార్చండి, ఆ డోర్ చేసింది ఆ బరువుకి కాదు.

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. కొత్త కార్లు కొన్ని స్టెప్నీ లేకుండానే వస్తున్నాయని విన్నాం. నా బొలెరోలో కూడా తీసేసి పంక్చర్ కిట్ పెట్టుకుంటే బరువు తగ్గుతుంది కదా?
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: మీరు తీయకండి. 2020 జులైలో రూల్ మారిన మాట నిజమే, కానీ అది టైరు గాలి తగ్గితే డ్రైవర్‌కి చెప్పే ఏర్పాటూ, రిపేర్ కిట్టూ కంపెనీ నుంచే ఉన్న బళ్లకి. కిట్ పనికొచ్చేది నేలకి ఆనే భాగంలో మేకు దిగినప్పుడు. ఆలాపల్లి వైపు అడవి రోడ్డులో రాయి కోసేది టైరు పక్క గోడని, దానికి ఏ కిట్టూ పనిచేయదు. మధ్యలో ఫోన్ సిగ్నల్ కూడా దొరకని చోట స్టెప్నీ ఒక్కటే దారి. కాబట్టి నెలకోసారి దాని గాలి చూడండి, మామూలు టైర్ల కంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువే ఉంచండి. పక్క గోడ మీద నాలుగంకెల నంబరు ఉంటుంది, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఎండకి పగుళ్లు వచ్చి ఉంటే, ఒక్కసారి కూడా వాడకపోయినా సరే, మార్చేయండి.