నెల్లూరులో ఆన్‌లైన్ సరుకుల డెలివరీ పనికి చేరొచ్చా?

డిగ్రీ అయింది, బండి ఉంది, నెల్లూరులో ఆన్‌లైన్ సరుకుల డెలివరీకి చేరితే ఏం మిగులుతుందని అడిగావు తమ్ముడూ. నేను వేదాయపాళెం వైపు రెండేళ్లు చేశాను. చేరొచ్చు. అయితే ఆర్డరుకు ఎంతిస్తారన్నది ఒక్కటే చూసుకోవద్దు, ఇల్లు దొరకడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూసుకో. మన రోజంతా అక్కడే కరిగిపోతుంది.

డోర్ నంబర్లు వరసలో ఉండవు. "రామాలయం ఎదురు సందు" అంటారు, ఆ చుట్టుపక్కల రామాలయాలు రెండుంటాయి. పైగా ఊరి మధ్యలో రైలు పట్టాలు. లొకేషన్ పట్టాలకు అవతల పడిందంటే చూడ్డానికి అర కిలోమీటరే, బండి మీద చుట్టు తిరిగితే మూడు. నవంబరు వానలకు మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయంటే ఇంకా దూరం. అందుకే బయల్దేరకముందే ఫోన్ చేసి, "అమ్మా, గేటు ఏ రంగు? ఎన్నో అంతస్తు?" అని అడిగేవాణ్ణి. వెళ్లిన ప్రతి ఇంటి గుర్తూ నోటుబుక్కులో రాసుకున్నాను. రోజుకు పదిహేను ఇవ్వలేనివాణ్ణి, మూడు నెలలకు ఇరవై దాటించాను.

అంతస్తు అడిగేది బియ్యం కోసం. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాకింగ్ బియ్యానికి జీఎస్టీ వేశాక 26 కిలోల బస్తాలు వచ్చాయి. లిఫ్టు లేని మూడో అంతస్తుకు అది మోయాలి. "అబ్బయా, కాసిని మంచినీళ్లు తాగిపో" అనే పెద్దామెలు ఉన్నారు కాబట్టి సరిపోయింది.

మొదటి నెలలోనే పాల ప్యాకెట్లు పగిలి ఉంటే నా డబ్బుల్లో కోశారు. సర్దింది నేను కాదన్నా వినలేదు, చాలా బాధేసింది. సంచి చేతికి తీసుకునేటప్పుడే ఫోటో తీసి పెట్టుకో.

పెట్రోలు లెక్క రాసుకో. నేను రోజుకు 70 కిలోమీటర్లు తిరిగేవాణ్ణి, బండి 45 ఇచ్చేది. లీటరు 110 లెక్కన 170 రూపాయలు దానికే. టైర్లు, ఆయిలు వేరే. కస్టమరు "నీ నంబరుకే కొట్టేస్తా" అన్నా ఒప్పుకోవద్దు, యాప్‌లోని క్యూఆర్‌కే వేయించు. సాయంత్రం లెక్క తేలకపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఈ-శ్రమ్‌లో, అంటే అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్‌లో, పేరు నమోదు చేసుకో, ఖర్చేమీ ఉండదు. నీకు ఏ ఏరియా ఇస్తున్నారో చెప్పు, వేదాయపాళెం వైపు అయితే సందుల గుర్తులన్నీ నా నోటుబుక్కులోంచి పంపిస్తాను.