దోసెలో శకారం ఎక్కడిది?

సందేహం: ఈ వేసవి సెలవుల్లో వరంగల్ నుంచి బయలుదేరి రాజమండ్రి, నెల్లూరు, తిరుపతి, కర్నూలు తిరిగి వచ్చాం. దారి పొడవునా హోటల్ తిండే. ఒకచోట బోర్డు మీద 'మసాలా దోస' అని ఉంది, ఇంకోచోట 'దోశ', మరోచోట 'దోశె', వేరొకచోట 'దోసె'. వీటిలో ఏది సరైనది? పెసలతో చేసినదాన్ని పెసరట్టు అంటాం గానీ పెసరదోసె అనం, ఎందుకు? 'టిఫిన్ చేశారా' అంటే తిన్నారా అనా, వండారా అనా? మా అబ్బాయి 'రెండు ఇడ్లీలు' అంటే సర్వరు ఒక్క ప్లేటే తెచ్చాడు. పక్క బల్ల ఆయన 'రెండు ఇడ్లీ' అంటే రెండు ప్లేట్లు వచ్చాయి. వ్యాకరణం ప్రకారం మావాడు చెప్పిందే కదా ఒప్పు? కర్నూలులో మరమరాల ఉప్మా ఉందా అంటే ఆ సర్వరుకు అర్థమే కాలేదు. ఇగురు చెప్పి, అన్నంలోకి రసం చాలక మళ్ళీ పులుసు చెప్పుకున్నాం. ఇన్ని పేర్లతో తిప్పలు దేనికి?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: ముందు 'దోస' సంగతి తేల్చేద్దాం. తెలుగులో దోస అంటే దోసకాయ కాసే తీగ. దోసపాదు, దోసగింజలు, దోసావకాయ, వీటిలో ఎక్కడా పెనం కనబడదు. 'మసాలా దోస' అన్న బోర్డును ఉన్నదున్నట్టు చదివితే మసాలా కూరిన దోసకాయ రావాలి. మండుటెండల్లో అదీ బాగానే ఉంటుంది గానీ మీరు అడిగింది అది కాదు కదా.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. తమిళంలో చివర ఐకారం ఉండే మాటలకు తెలుగులో అకారం రావడం మామూలే. వాళ్ళ తలై మనకు తల, వాళ్ళ వడై మనకు వడ. ఆ లెక్కన తోసై మనకు దోస కావాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. వాదన మంచిదే. కానీ ఆ పీట మీద దోసకాయ ఎప్పుడో కూర్చుంది. పైగా కన్నడంలోనూ ఇది దోసె. మన వాడుకలో బహువచనం 'దోసెలు' అని ఎకారంతో గట్టిగా నిలబడింది. కాబట్టి దోసె అనే రాయండి.

మరి శకారం ఎక్కడిది? చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంలో శ, ష సంస్కృత సమాలతో, అంటే సంస్కృతం నుంచి పెద్దగా మారకుండా వచ్చిన మాటలతో పాటే తెలుగులో వ్యవహరిస్తాయని చెప్పాడు. అంటే అచ్చ తెలుగు మాటలకు సకారమే దిక్కు. అయితే నోరు వ్యాకరణం చూసుకుని పలకదు. స తర్వాత ఇ, ఎ వస్తే నాలుక అంగిలివైపు లేస్తుంది, దాంతో ఆ స కాస్తా శకు దగ్గరవుతుంది. సెలవు చాలామంది నోట శెలవు, సెనగలు శెనగలు. అదే దారిలో దోసె దోశె అయింది. ఆ తర్వాత ఎకారం జారిపోయి, అది వదిలిన గుర్తుగా శకారం మిగిలి దోశ అయింది. ఇదేమీ వింత కాదు. 'చేసినాడు'లో ఇకారం పోయి 'చేశాడు' మిగలడంలోనూ ఇదే కథ. చేశాడును ఒప్పుకున్నవాళ్ళు దోశ మీద అంతగా విరుచుకుపడక్కర్లేదు. నా మటుకు నేను వరస చెప్పమంటే ముందు దోసె, చూసీచూడనట్టు వదిలేయదగినది దోశ, బోర్డు మీద దిద్దించవలసింది దోస.

ఇక అట్టు. వంటింట్లో దోసె కన్నా ఇది ముందునుంచీ ఉన్న మాట అనడానికి గట్టి సాక్ష్యం అట్లకాడ. దోసె తిరగేసేటప్పుడు కూడా చేతిలో ఉండేది అట్లకాడే, దోసెకాడ అని ఎవరూ అనరు. పండగా అట్లతద్దే. పెనం మీద పిండి పోసి కాల్చే పలుచని రొట్టెకు పాత తెలుగు పేరు అట్టు. ఆ పిండి దేనిదో ముందు చేరుతుంది: మినపట్టు, పెసరట్టు, రవ్వట్టు. పెసర + అట్టు అన్నప్పుడు మొదటి పదం చివరి అకారం లోపించి పెసరట్టు అవుతుంది. బహువచనం పెసరట్లు. చెట్టు చెట్లు అయినట్టే ఇదీ. 'పెసరట్టులు' అని రాసిన మెనూ కార్డులు ఉన్నాయి, అది తప్పు. 'పెసరట్టు దోశ' అని రాసినవీ ఉన్నాయి. అది 'నడిసెంటరు' లాంటి మాట, ఒకటే సంగతి రెండుసార్లు చెప్పడం.

మరి పెసరదోసె అని ఎందుకు అనం? దోసె అనేసరికి మన మనసులో బియ్యం, మినపపప్పు కలిపి రుబ్బి పులియబెట్టిన పిండి మెదులుతుంది. మామూలుగా మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పప్పు. రాత్రి రుబ్బితే పొద్దునకు పొంగుతుంది, నడివేసవిలో ఆరేడు గంటలు చాలు. పెసరట్టుకు ఈ పులియబెట్టే పనే లేదు. పొట్టుతో ఉన్న పెసలను నాలుగు నుంచి ఆరు గంటలు నానబెట్టి, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బి వెంటనే పోసేయాలి. బియ్యం కరకర కోసమే, ఎక్కువైతే అట్టు అట్టలా బిరుసెక్కుతుంది. రుబ్బిన పిండిని మే నెల ఎండలో బయట ఉంచితే కొన్ని గంటల్లోనే పులిసి, పెసర రుచి పోయి వాసన వస్తుంది. అందుకే ప్రయాణంలో పెసరట్టు పొద్దున్నే తినడం మేలు. మధ్యాహ్నం దాటాక పుల్లగా తగిలితే అది వంటవాడి చేతి రుచి కాదు, పొద్దుటి పిండి. ఇంకో చిన్న సంగతి. పెనం మరీ కాలి ఉంటే పిండి గరిటెకు అంటుకుని ముద్దగా లేచి వచ్చేస్తుంది. హోటల్లో పెనం మీద నీళ్ళు చిలకరించి చీపురుతో ఊడ్చేది పెనాన్ని చల్లార్చడానికే.

మినపపిండి పులిసినా మినపట్టు అనే అంటున్నారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, పులుపు ఒక్కటే గీటురాయి కాదు. కోస్తా ఇళ్ళలో పప్పు వంతు ఎక్కువ ఉండి, మందంగా, మెత్తగా పోసింది అట్టు. బియ్యం ఎక్కువై, పలుచగా తిప్పి ఎర్రగా కాల్చింది దోసె. రాయలసీమలో ఎర్రకారం పూసినా, పప్పుల పొడి చల్లినా అది దోసే. ఒక ఊరి గీత ఇంకో ఊళ్ళో చెల్లదు. దీని కోసం నిఘంటువుతో కొట్లాడి లాభం లేదు.

'టిఫిన్ చేశారా' అన్న ప్రశ్న చూడటానికి చిన్నదే గానీ దాని వెనక ఓ చక్కని పద్ధతి ఉంది. తిండికి సంబంధించిన మాటకు 'చేయు' చేరినప్పుడు, ఆ మాట ఒక పూట తిండికి పేరైతే 'తిను' అని అర్థం. అది ఒక వంటకం పేరైతే 'వండు' అని అర్థం. 'భోజనం చేశారా' అంటే తిన్నారా అనే, వండారా అని కానే కాదు. భోంచేశారా అన్నది దీని కుదింపే. 'ఉప్మా చేశారా' అంటే వండారా అనే. ఫలహారం, టిఫిన్ మాత్రం రెండు గట్ల మీదా కాళ్ళు పెట్టాయి. పొద్దుటి పూట తిండీ టిఫినే, ఇడ్లీ దోసెల్లాంటి వంటకాల జాతీ టిఫినే. అందుకే 'అమ్మ టిఫిన్ చేసింది' అన్న వాక్యానికి రెండు అర్థాలు వస్తాయి. తికమక వద్దనుకుంటే 'టిఫిన్ చేసి పెట్టింది', 'టిఫిన్ తినేసింది' అని విడగొట్టండి. మర్యాదగా పలకరించడానికి మాత్రం 'టిఫిన్ చేశారా' అన్నదే బాగుంటుంది, మార్చక్కర్లేదు. 'విందు చేశారు' మాత్రం ఈ పద్ధతికి లొంగదు. అక్కడ చేసినవాడు తినేవాడు కాడు, పెట్టేవాడు.

ఇంగ్లీషులో టిఫిన్ అంటే మధ్యాహ్నపు తేలికపాటి తిండి. మన దగ్గర పొద్దున, సాయంత్రం అని రెండు పూటలకు చీలి, మధ్యాహ్నాన్ని మీల్స్‌కు వదిలేసింది.

ఇప్పుడు మీ అబ్బాయి ఇడ్లీలు. పాపం, అతను వ్యాకరణం తప్పలేదు, సర్వరూ తప్పలేదు. తెలుగులో రెండు మొదలుకొని ఏ సంఖ్య తర్వాతైనా లెక్కపెట్టే వస్తువు బహువచనంలో ఉండాలి: రెండు చెట్లు, పది రూపాయలు. 'రెండు ఇడ్లీలు' అంటే విడిగా లెక్కపెట్టిన రెండే. ప్లేటుకు రెండు పెట్టే చోట అది సరిగ్గా ఒక ప్లేటే. 'రెండు ఇడ్లీ' అన్నప్పుడు లెక్క ఇడ్లీకి కాదు, మధ్యలో దాక్కున్న ప్లేటుకు. 'రెండు టీ', 'మూడు కాఫీ' అన్నా అంతే, లోపల కప్పు ఉంది. బస్సెక్కి 'రెండు తిరుపతి' అంటే కండక్టరు తిరుపతులు ఎన్ని ఉన్నాయని ఆలోచించడు, రెండు టికెట్లు కొడతాడు. కొత్త ఊళ్ళో ఈ గొడవ లేకుండా ఉండాలంటే ముందే 'ఒక ఇడ్లీలో ఎన్ని వస్తాయి?' అని అడగండి. తర్కానికి అందని ప్రశ్నే గానీ తెలుగునాట ఏ సర్వరుకైనా అర్థమవుతుంది. పెసరట్టు ప్లేటుకు ఒకటే కాబట్టి 'రెండు పెసరట్టు' అన్నా 'రెండు పెసరట్లు' అన్నా వచ్చేవి రెండే.

సర్వరు వంటింటివైపు తిరిగి 'ఇడ్లీ రెండూ, వడ ఒకటీ' అని కేకేస్తాడు చూశారా, అక్కడ సంఖ్య వెనక్కి వెళ్ళింది. అందుకే 'ఒక' కాస్తా 'ఒకటి' అయింది. 'ఒక'కు వెంట నామవాచకం ఉండాలి, 'ఒకటి' ఒంటరిగా నిలబడగలదు.

ఇగురు దగ్గర మీకు ఎదురైన ఇబ్బంది మాట తెలియక వచ్చింది. మన వంటల పేర్లలో చాలావరకు లోపల ఏముందో కాక, దాన్ని ఎలా వండారో చెబుతాయి. నీరు ఇగిరిపోవడం అంటాం కదా, ఆ క్రియ నుంచి వచ్చిందే ఇగురు. నీరంతా ఇగిరి మసాలా ముక్కకు పట్టేదాకా ఉంచితేనే రొయ్యల ఇగురు. అందులో కలుపుకోవడానికి రసం వెతకడం దండగ. వేపుడు నూనెలో వేగింది. పులుసులో పులుపు, అంటే చింతపండు రసం, ఉండి తీరాలి, అన్నంలోకి కావలసింది అదే. 'ఇగురు గ్రేవీ' అని మెనూలో కనబడితే వండినవాడికో రాసినవాడికో తెలుగు రాదన్నమాట. రొయ్యలైతే నీరు ఇగిరాక కూడా పొయ్యి మీదే వదిలేస్తే రబ్బరులా సాగుతాయి. కాబట్టి ఇగురు రుచి అంతా ఆపే క్షణంలో ఉంది.

కర్నూలులో మీరు అడగవలసిన మాట ఉగ్గాని. అక్కడ మరమరాలను బొరుగులు అంటారు. మీ తెలంగాణ జాతరల్లో ప్యాలాలు, పుట్నాలు అంటారు చూడండి, ఆ ప్యాలాలకు చుట్టమే. ఆ పక్కనే ఉన్న కన్నడ సీమలో ఇదే వంటకం ఒగ్గరణె, ఆ మాటకు తాళింపు అని అర్థం. అంటే ఈ పేరూ వండే పద్ధతినే చెబుతోంది. బొరుగులను నీళ్ళలో వేసి తడవగానే, నిమిషం మించకుండా, పిండి తీసేయాలి. ఎక్కువసేపు నానితే జావ అవుతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాళింపులో కలిపి, దించేముందు పుట్నాల పొడి చల్లుతారు. ఆ పొడే మిగిలిన తడిని పీల్చుకుని బొరుగులను విడివిడిగా ఉంచుతుంది.

కూరగాయల పేర్లలోనూ ఇలాంటి మెలికలు ఉన్నాయి. కోస్తా జిల్లాల్లో చాలాచోట్ల ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ, దాని గింజలు నానబెట్టి పొట్టు పితికితే పితికిపప్పు. తేడా అంతా మొదటి అక్షరం దీర్ఘంలోనే ఉంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు సొరకాయ కావాలంటే 'ఆ'ను కాస్త సాగదీసి పలకండి. ఉగ్గాని చెప్పేటప్పుడు మిరపకాయ బజ్జీ కూడా కలిపే చెప్పండి. కర్నూలులో ఆ రెండూ జంట.