జాకీ కింద నేల

చి॥ అల్లుడికి,

మావయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ పాలకొల్లులో అందరం క్షేమం. మీ అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు మామూలే.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, వీడు కారుని కిందికి దింపుతాడంట, పొట్టి స్ప్రింగులు తెప్పించాడంట, ఆదివారం ఇంటిదగ్గరే విప్పుతాడంట" అని ఒకటే గాబరా. ఫోన్ పెట్టేశాక చూస్తే నేను నవ్వుతున్నానంట, మీ అత్తయ్య అంది. నిజమే అయ్యుంటుంది. మన ఇళ్ళల్లో పానా పట్టేవాడు నాతోనే ఆఖరనుకున్నాను. కంప్యూటర్ ఉద్యోగం చేసుకునేవాడివి, సొంత జీతంతో టార్క్ రెంచి కొన్నావంటే కడుపు నిండింది. మరి తెల్లారిందాకా నిద్ర ఎందుకు పట్టలేదో కిందకి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు. అందుకే కాయితం. కారు పక్కనే పెట్టుకో, గ్రీజు అంటినా పరవాలేదు.

ముందు తిట్టేస్తాను, ఆ పని అయిపోతుంది. నీ పాత స్విఫ్ట్‌కి కంపెనీ ఇచ్చిన ఎత్తు నేల నుంచి 170 మిల్లీమీటర్లు. నువ్వు 35 తగ్గిస్తే 135. నలుగురు ఎక్కి, డిక్కీలో ఒక బియ్యం బస్తా పడితే ఇంకెంత మిగులుతుందో లెక్కేసుకో. స్పీడ్ బ్రేకర్ ఎలా కట్టాలో రోడ్ల ఇంజనీర్లకి లెక్క ఉంది: ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మీ మలికిపురం నుంచి రాజోలు దాకా ఆ కొలతకి ఉన్నది ఒక్కటి చూపించు, నేను మీసం తీసేస్తాను. ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్నవే కదా అన్నీ. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు రేకు దగ్గర మామూలు కార్లకే ముందు బంపరు గీసుకుంటుంది. ఇక నుంచి నరసాపురం రావాలంటే చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగే రా. వర్షాకాలంలో రోడ్డెక్కిన నీళ్ళకి నీ కారు ఇంజను మరో 35 మిల్లీమీటర్లు దగ్గరవుతుందని కూడా గుర్తుంచుకో. ఇంకోటి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు ఏదన్నా అయితే బీమావాళ్ళకి అదో సాకు. చెప్పాను. నువ్వు విననని నాకు తెలుసు, నీ వయసులో నేనూ వినలేదు.

సరే, పని.

సముద్రం గాలికి మీ వైపు నట్లన్నీ తుప్పుపట్టి ఉంటాయి. శనివారం సాయంత్రమే బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలే నూనె కొట్టి వదిలెయ్. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చెయ్. హ్యాండ్‌బ్రేక్ లాగు, వెనక చక్రాలకి అటూ ఇటూ చెక్క అడ్డం పెట్టు. ఇటుక పెట్టకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు జాకీ.

నా ఎడమకాలు ఈడ్చి నడుస్తానని చిన్నప్పుడు నువ్వు నా వెనకే అలా నడిచి అందర్నీ నవ్వించేవాడివి. ఏమైంది మావయ్యా అంటే స్కూటర్ మీంచి పడ్డానని చెప్పేవాణ్ణి. పడలేదు. నేను స్కూటర్ మీంచి ఎప్పుడూ పడలేదు.

1988. నాకు ఇరవై నాలుగు. కాలవగట్టు ఊళ్ళో ఒక రైసుమిల్లు ఆయనకి ప్రీమియర్ పద్మిని ఉండేది, ముందు కాయిల్ స్ప్రింగు విరిగింది. బండి కదల్లేదు కాబట్టి నేనే వాళ్ళ దొడ్లోకి వెళ్ళాను. అదే దొడ్లో మే నెలలో ఆయన లారీకి బ్రేకులు చేశాను. అప్పుడు కాలవ కట్టేసి ఉంది, నేల నెరలు విచ్చి రాయిలా ఉంది, గునపం వేస్తే ఠంగుమంది. ఆ ఠంగు నా చెవిలో ఉండిపోయింది. నేను రెండోసారి వెళ్ళింది జూన్ నెలాఖరున. కాలవకి నీళ్ళొదిలి ఇరవై రోజులు దాటింది. దొడ్డి పైకి అలాగే ఉంది, పొడిగా, ఎండకి పెచ్చుకట్టి. లోపల ఊట పట్టిందని నాకు తట్టలేదు. కాలవ పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తట్టకపోవడం ఏంటని ఇప్పటికీ అనుకుంటాను. ఒండ్రు నేలంటే అంతే, పైన అప్పడం, కింద జున్ను.

లారీ జాకీ పెట్టాను. దాని అడుగు మంచినీళ్ళ గ్లాసు అడుగంత ఉంటుంది. కింద ఒక ఇటుక. ఎత్తిన బండి బరువు ఆనించే స్టాండు లేదు. అప్పుడు ఎవరికీ ఉండేవి కావు అంటే అబద్ధం, మా గురువుగారి షెడ్డులో రెండు ఉన్నాయి, బరువని మోసుకెళ్ళలేదు. సైకిల్ మీద రెండు మైళ్ళు మొయ్యాలి కదా అని బద్ధకం. చక్రం విప్పి పక్కన గోడకి చేరేశాను. దాన్ని బండి కింద పడేసినా సరిపోయేది. కాలు చాపుకుని డ్రమ్ము ముందు కూచుని కింది బోల్టు మీద పడ్డాను. అది రాలేదు. పానాకి పైపు తొడిగి లాగాను. లాగినప్పుడల్లా బండి కొంచెం ఊగుతోంది, ఊగినప్పుడల్లా ఇటుక కొంచెం దిగుతోంది. నా కళ్ళు బోల్టు మీదే ఉన్నాయి.

అప్పుడు మీ అమ్మకి పన్నెండేళ్ళు. నాకు క్యారేజీ పట్టుకుని వచ్చింది. గేటు దగ్గరే నిలబడి "అన్నయ్యా, అది ఒరుగుతోంది" అంది. గట్టిగా కూడా కాదు, మామూలుగా. నేను ఏది అని తల తిప్పాను. ఆ తిప్పడంలో నడుం దాకా పక్కకి జరిగాను, అంతే, ఇటుక చిట్లిన చప్పుడు. ఒళ్ళు బయటికొచ్చింది, పాదం రాలేదు. బ్రేకు డ్రమ్ము దాని మీద దిగింది. మిల్లు హమాలీలు నలుగురు వచ్చి బండి ఎత్తేదాకా మీ అమ్మ నా తల పట్టుకుని కూచుంది. క్యారేజీలో పప్పు నేలపాలైందని ఏడ్చింది పిచ్చిది. నేను లేచి నడవడానికి సంక్రాంతి దాటింది.

ఆ తర్వాత పైకెత్తిన బండి పక్కన ఆమె ఎప్పుడూ నిలబడలేదు, గమనించావా? పంక్చరు షాపు దగ్గర కూడా రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోతుంది. నువ్వేమో అమ్మకి చాదస్తం అంటావు. ఇద్దరం కలిసి మీ ఎవరికీ చెప్పకూడదనుకున్నాం, ఇవాళ నేను మాట తప్పాను.

కాబట్టి మీ దొడ్లో వద్దు. మీది ఇసుక పర నేల, మా ఒండ్రు కన్నా మోసం. పోర్టికోలో నాపరాళ్ళ కింద కూడా ఇసుకే పోశారు, నేను చూస్తుండగా పోశారు. పక్కింటి వాళ్ళ కొత్త కాంక్రీటు గచ్చు అడుగు, కాదనరు. అక్కడ కూడా జాకీ కింద రెండంగుళాల తుమ్మ పలక, స్టాండ్ల కింద ఒక్కోటి. స్టాండ్ల మీద బండి దింపాక భుజంతో నెట్టి చూడు. ఇప్పుడు నెట్టడానికి భయపడేవాడు కింద దూరకూడదు. విప్పిన చక్రాన్ని డోరు కింద అడ్డంగా పడుకోబెట్టు.

మిగతాది జాకీ అంత భయం కాదు గానీ, స్ప్రింగు దగ్గర మాత్రం తొందరపడకు. ముందువైపు షాకబ్జార్బరు, స్ప్రింగు ఒకే కాలుగా బయటికి వస్తాయి. కింది రెండు బోల్టులు తీసేముందు వాటి చోటు పెయింటుతో గీత పెట్టుకో. బ్రేకు కాలిపర్‌ని తీగతో కట్టి వేలాడదియ్, గొట్టం మీద వేలాడనివ్వకు. చక్రం దగ్గరుండే ఏబీఎస్ బ్రేకు సెన్సరు తీగ మర్చిపోతే లాగేస్తావు. కాలు చేతిలోకి వచ్చాక పైన నడిమధ్య నట్టు కనిపిస్తుంది, చెయ్యి దాని మీదికి పోతుంది. ముట్టుకోకు. బండి ముందు భాగం మోసే బలం ఆ నట్టు పట్టుకుని కూచుంది. స్ప్రింగుని నొక్కి పట్టే కంప్రెసర్లు రెండు, ఎదురెదురుగా, ఒకదానికి రెండు చుట్లు తిప్పితే రెండోదానికి రెండు చుట్లు. ఎయిర్ గన్ వాడకు, చేత్తోనే. స్ప్రింగు పీట మీద వదులై చేత్తో తిరిగితేనే నట్టు విప్పు. అప్పుడు కూడా మొహం పైన పెట్టకు. కొత్తది పొట్టిది కాబట్టి పెద్దగా నొక్కే పని ఉండదు. తొడిగేటప్పుడు స్ప్రింగు చివర పీటలో ఉన్న మెట్టుకి ఆనుకోవాలి. చక్రం పూర్తిగా వేలాడినా స్ప్రింగు పీటలో బిగుతుగా ఉండాలి, కదిలితే ఆ స్ప్రింగు నీ బండిది కాదు, వెనక్కి పంపించెయ్. లోపలి రబ్బరు ఆపు ఎంత కొయ్యాలో పెట్టెలో కాయితం ఉంటుంది, దాన్ని చదువు.

వెనక సుఖం. స్ప్రింగు వేరు, షాకబ్జార్బరు వేరు. ఆక్సిల్ కింద జాకీ పెట్టి, రెండువైపులా షాకబ్జార్బరు కింది బోల్టు తీసి నెమ్మదిగా దింపితే స్ప్రింగు చేతికి వస్తుంది. బ్రేకు గొట్టాలు సాగకుండా చూసుకో.

రబ్బరు బుష్షులున్న బోల్టులు మాత్రం బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరు బిగింపు. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిక పడి ఆర్నెల్లకి చిరుగుతుంది. తర్వాత వీల్ అలైన్‌మెంటు తప్పదు. లేకపోతే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. లైట్లు కూడా సరిచేయించు.

నా దగ్గర మంచి కంప్రెసర్లు ఉన్నాయి, నువ్వు ఆన్‌లైన్లో కొన్నవి ముట్టుకోకు. ఆదివారం మొదటి బస్సుకి తుమ్మ పలకలతో సహా వస్తాను. ఈసారి స్టాండ్లు కూడా మోసుకొస్తాను. నేను దిగేదాకా చక్రం నట్టు కూడా తియ్యొద్దు.

మీ అమ్మకి గేటు దగ్గర నీడలో కుర్చీ వెయ్యి. రానంటుంది, బతిమాలు. ఆమె ఏం చెయ్యక్కర్లేదు, జాకీ వైపు చూస్తూ ఉంటే చాలు. మనిద్దరి కళ్ళూ బోల్టుల మీదే ఉంటాయి కదా.

మీ మావయ్య