తెర మీద క్యూలు వస్తే పుట్టీని తిట్టకు

బుజ్జీ,

ఆదివారం ఫోన్లో నువ్వు చెప్పింది సగమే వినిపించింది. పక్కనే మీ అత్తయ్య మిక్సీ వేసింది. తర్వాత నువ్వు పంపిన ఫోటో చూస్తే సంగతి అర్థమైంది. నీ మెనూ స్క్రిప్టులో డైలాగ్ ప్రోగ్రాం గీసే పెట్టె చుట్టూ గీత ఉండాల్సిన చోట మొదట ఒక ఎల్, తర్వాత బారుగా క్యూలు, చివర కె. పక్కలకి నిలువునా ఎక్స్‌లు. ఈ బొమ్మ నాకు పాత చుట్టమే.

వైరస్ కాదు, నీ స్క్రిప్టులో తప్పూ కాదు. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్‌లో (కంప్యూటర్‌కి తగిలించే తెర, కీబోర్డు) గీతలు గీయడానికి ఒక చిట్కా ఉండేది. ముందు 'ఇక నుంచి గీతల అక్షరమాల' అని ఒక సంకేతం పంపాలి, ఆ తర్వాత క్యూ పంపితే అడ్డగీత, ఎక్స్ పంపితే నిలువుగీత, ఎల్ పంపితే ఎడమ పై మూల. డైలాగ్ లోపల తెర గీసిపెట్టే ఎన్‌కర్సెస్ లైబ్రరీ ఇప్పటికీ అదే పద్ధతిలో గీస్తుంది. మీ ఆఫీసు వాళ్లు విండోస్ మీద పుట్టీలోంచి (దూరపు సర్వర్ తెరని చూపించే ప్రోగ్రాం) వస్తున్నారు కదా, అది యూటీఎఫ్8లో (యూనికోడ్ అక్షరాలు పంపే పద్ధతి) ఉన్నప్పుడు ఆ సంకేతాన్ని వినిపించుకోకపోతే క్యూలు క్యూలుగానే పడతాయి.

దీనికి మందు ఒక్క ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు చదువుకునే, పేరున్న సెట్టింగ్): ఎన్‌కర్సెస్_నో_యూటీఎఫ్8_ఏసీఎస్. దానికి 1 ఇవ్వు. (ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్లు.) అప్పుడు లైబ్రరీ పాత చిట్కా మానేసి గీతలకు నేరుగా యూనికోడ్ అక్షరాలు పంపుతుంది. లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) కూడా యూటీఎఫ్8 అయి ఉండాలి సుమా, లేకపోతే ఈ 1 పెట్టినా పెట్టకపోయినా ఒకటే. అది చెప్పే లాంగ్ వేరియబుల్‌లో ఏముందో ముందు చూసుకో.

ఎక్కడ పెట్టాలన్నది అసలు ప్రశ్న. నువ్వు వెంటనే బాష్ఆర్‌సీ (బాష్ షెల్ మొదలవగానే చదివే ఫైలు) తెరుస్తావని నాకు తెలుసు. వద్దు. నీ మెనూ స్క్రిప్టులో, డైలాగ్ పిలిచే లైనుకి ముందే ఎక్స్‌పోర్ట్ చెయ్యి, అంటే తర్వాత నడిచే ప్రోగ్రాంలకి అందేలా పెట్టు. లైబ్రరీ వీటిని తెర తెరిచేటప్పుడే చూసుకుంటుంది, ప్రోగ్రాం మొదలయ్యాక మార్చితే వృథా. పైథాన్‌లో రాసినా అంతే, తెర తెరిచే ఇనిట్‌ఎస్‌సీఆర్ పిలవకముందే పెట్టాలి. ఇంకో సంగతి, నీ లాప్‌టాప్‌లో పెట్టిన వేరియబుల్ ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి వెళ్లే దారి) వెంట సర్వర్‌కి వెళ్లిపోదు. మామూలుగా వెళ్లేది టెర్మ్ (టెర్మినల్ రకం పేరు ఉండే వేరియబుల్), కొన్నిచోట్ల లాంగ్ లాంటి లొకేల్ వేరియబుల్స్ మాత్రమే. సుడో (రూట్ అధికారంతో ఆదేశం నడిపేది) కూడా దారిలో చాలావాటిని ఊడ్చేస్తుంది. 'ఎక్స్‌పోర్ట్ చేశాను మావయ్యా, పనిచెయ్యట్లేదు' అని నువ్వు అర్ధరాత్రి మెసేజ్ పెడితే నేను మొదట అడిగేది సుడో గురించే.

ఎస్కేప్ నొక్కితే మెనూ ఒక సెకను ఆలోచించి మూసుకుంటోందన్నావు. అది సరిగ్గా సెకనే. పైకి బాణం నొక్కితే ఒక అక్షరం కాదు, ఎస్కేప్‌తో మొదలయ్యే మూడు అక్షరాలు వస్తాయి. అందుకే ఎస్కేప్ కనబడగానే, వెనక ఇంకేమైనా వస్తుందేమోనని లైబ్రరీ 1000 మిల్లీసెకన్లు ఎదురుచూస్తుంది. నెట్‌వర్క్ నత్తనడక నడిచే రోజుల లెక్క అది. ఎస్క్‌డిలే అనే వేరియబుల్‌తో తగ్గించుకో. అదే మెషీన్ మీద పనైతే 25 చాలు. మీ గోడౌన్ వాళ్లు దూరం నుంచి వస్తారు కాబట్టి 100 పెట్టు. మరీ తగ్గిస్తే లైను నెమ్మదించినప్పుడు బాణం రెండు ముక్కలై, మొదటి ముక్కను ఎస్కేప్ అనుకుని మెనూ టపీమని మూసుకుపోతుంది. అప్పుడు అందరూ నీ మీద పడతారు.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని. సీరియల్ కేబుల్ మీద ఒక మెషీన్‌లోకి వెళ్లేవాణ్ణి. ఆ దారిలో తెర ఎంత పెద్దదో లైబ్రరీకి చెప్పేవాడు ఉండడు, 24 వరసలు, 80 నిలువులు అనుకుని కూర్చుంటుంది. నాకు చిరాకేసి లైన్స్, కాలమ్స్ అని తెర సైజు చెప్పే వేరియబుల్స్ రెండూ ప్రొఫైల్‌లో (లాగిన్ అవగానే చదివే ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేసి మర్చిపోయాను. కొన్నాళ్లకి ఎస్ఎస్‌హెచ్ మీద పెద్ద మానిటర్‌లోంచి వెళ్తే హెచ్‌టాప్ (నడుస్తున్న ప్రోగ్రాంలు చూపించేది) ఓ మూలకి ముడుచుకుని ఉంది. కిటికీ ఎంత లాగినా పెరగదు. హెచ్‌టాప్ తీసేసి మళ్లీ వేశాను, ఫాంట్ మార్చాను, మధ్యాహ్నం అంతా పోయింది. చివరికి, వేరియబుల్స్ అన్నీ చూపే ఎన్వ్ ఆదేశం కొడితే రెండూ నన్నే చూస్తున్నాయి. ఆ రెండూ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నంతసేపూ లైబ్రరీ వాటినే నమ్ముతుంది, అసలు సైజు లెక్కలోకి రాదు. బాష్ తన కోసం అవే పేర్లు వాడుకుంటుంది, కానీ బయటికి ఎక్స్‌పోర్ట్ చెయ్యదు. నేనే చేశాను. సీరియల్ మీద చెయ్యాల్సింది ఎస్‌టీటీవై రోస్ 40 కాల్స్ 120 అని ఒక్క ముక్క, ఆ సెషన్‌తో అది పోతుంది.

రంగులు సరిగా రావట్లేదని ఎవరో చెబితే టెర్మ్‌ని బాష్ఆర్‌సీలో రాశావట. అది ఇవాళే తీసెయ్. టెర్మ్ పెట్టాల్సింది టెర్మినల్, నువ్వు కాదు. టీమక్స్ (ఒక్క టెర్మినల్‌లో చాలా తెరలు తెరిచే ప్రోగ్రాం) లోపల టెర్మ్ వేరుగా ఉంటుంది, దాన్ని తొక్కేస్తే కొన్ని కీలు, రంగులు తేడా చేస్తాయి. సర్వర్ నీ టెర్మినల్ పేరు తెలియదని మొరాయిస్తే, అబద్ధపు పేరు చెప్పకు. ఇన్ఫోకంప్ ఆదేశంతో నీ దగ్గరి టెర్మినల్ వివరం తీసి, సర్వర్ మీద టిక్ అనే ఆదేశానికి ఇవ్వు. రూట్ అనుమతి లేకపోయినా అది నీ హోమ్ డైరెక్టరీలో డాట్ టెర్మిన్ఫో అనే ఫోల్డర్‌లో పెడుతుంది, లైబ్రరీ అక్కడ కూడా వెతుకుతుంది. ఎన్‌కర్సెస్_నో_పాడింగ్ లాంటి వేరియబుల్స్ మాన్యువల్‌లో ఇంకా చాలా ఉన్నాయి. అవి పాత ఇనప టెర్మినల్స్ బాధలు, నీకు అక్కర్లేదు.

ముందు ఆ 1 ఒక్కటే పెట్టి, పుట్టీ మూసి మళ్లీ తెరిచి చూడు. ఇంకా క్యూలే కనబడితే లాంగ్, టెర్మ్ రెండూ ఎకో చేసి ఫోటో తీసి పంపు. ఈసారి మిక్సీ ఆపించి మాట్లాడతాను.

మీ మావయ్య