అక్క అన్నం తినకుండా వెళ్ళిన ఇల్లు

నాకు 47 ఏళ్ళు. హైదరాబాద్‌లో ప్రైవేట్ ఉద్యోగం. మా ఆవిడ స్కూల్ టీచర్. ఒక కూతురు, ఒక కొడుకు. సిటీకి దగ్గర్లో ఏదైనా ఊళ్ళో చేదబావి, జామచెట్టు, పెద్ద వాకిలి ఉన్న ఇల్లు కొనుక్కోవాలని నా కల. రెండేళ్ళుగా ఆదివారం వస్తే చాలు, మొయినాబాద్, చేవెళ్ళ, వికారాబాద్, షాద్‌నగర్, యాచారం తిరుగుతున్నాం. ఇప్పటికి 31 చూశాం. ఒకచోట కాగితాలు సరిగా ఉండవు, ఒకచోట ధర అందదు, అన్నీ కుదిరినచోట నాకే ఏదో వెలితి అనిపిస్తుంది. పోయిన నెల షాద్‌నగర్ దగ్గర చూసిన ఇల్లు ఇంట్లో అందరికీ నచ్చింది. వాకిట్లో పదిమంది బతుకమ్మ ఆడేంత జాగా లేదని నేను వద్దన్నాను. మా ఆవిడ, అమ్మాయి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఆడుకుంటారు, వాళ్ళకేం పట్టింపు లేదు. ఆ రోజు నుంచి మా ఆవిడ నాతో రానంటోంది. ‘మీకు కావలసిన ఇల్లు ఎక్కడా లేదు’ అంటోంది. నల్లగొండ వైపు ఊళ్ళో మాకు తాతల నాటి పెంకుటిల్లు ఉండేది. 2017లో నాన్న పోయారు. 2019లో ఆ ఇల్లు 38 లక్షలకు అమ్మి ఇక్కడ ఫ్లాట్ కొన్నాను. 1991లో అక్క పెళ్ళికి నాన్న ఎకరం అమ్మారు కాబట్టి, పసుపు కుంకుమల కింద 50 వేలు, చీర పెట్టాం. అక్క కాగితాల మీద సంతకం చేసి, వంట చేయించినా తినకుండా, ‘తమ్మీ, బస్సుకు టైమైంది’ అని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మాటల్లేవు. అది వేరే సంగతి. మా ఆవిడను మళ్ళీ నాతో వచ్చేలా ఒప్పించడం ఎలా?

మీ ఆవిడను ఒప్పించే పని పెట్టుకోకండి. రెండేళ్ళ ఆదివారాలన్నీ ఆమె మీకే ఇచ్చింది. టీచర్‌కు ఉన్నది ఆ ఒక్క సెలవే. అందులోనే పేపర్లు దిద్దుకోవాలి, వారానికి సరిపడా ఇల్లు సర్దుకోవాలి. ఇక రానంటే తప్పు పట్టడానికేం లేదు. పైగా ఆమె అన్నది నిజం. మీకు కావలసిన ఇల్లు ఇప్పుడు ఎక్కడా లేదు. 2019లో మీరే దాన్ని అమ్మేశారు.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే ఎప్పుడో ఒకప్పుడు మీరు కొంటారు. మొయినాబాద్, చేవెళ్ళ వైపు వెళ్తే ఆ ఊరు కట్టడాలపై ఆంక్షలు పెట్టిన 111 జీవో కిందికి వస్తుందేమో చూసుకోండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్ళను కాపాడటానికి 1996లో వచ్చిన ఆ జీవోలో 84 ఊళ్ళున్నాయి. 2022లో దాన్ని సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది కదా అని బ్రోకర్ చెప్పగానే అడ్వాన్స్ ఇచ్చేయకండి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకమే చెల్లదు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు) అన్నీ ఒక అడ్వకేట్ చేత చూపించండి. ఆ పనికి ఆయన చాలు, నేను అక్కర్లేదు.

నాతో పనిబడ్డది మీ అక్క విషయంలో. మీరు దాన్ని ‘అది వేరే సంగతి’ అని మూడు ముక్కల్లో తేల్చేశారు. ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదవండి. చేదబావి మీ ఆవిడ అడగలేదు. జామచెట్టు పిల్లలు అడగలేదు. అందరికీ నచ్చిన ఇంటిని మీరు బతుకమ్మ కోసం కాదన్నారు. ఆడేవాళ్ళు మాకు సెల్లార్ చాలంటుంటే, ఆ పెద్ద వాకిలి మీరు ఎవరికోసం వెతుకుతున్నారు? తంగేడు, గునుగు పూలు తెచ్చి, తాంబాలంలో వరసలుగా పేర్చి, ఆ వాకిట్లో ఆడింది ఎవరు? పక్కన కూర్చుని పూలు అందించిన పిల్లాడు ఎవరు? అది మీరు రాయలేదు. ఆ జాగా కొలత మాత్రం మీ కళ్ళలో ఉండిపోయింది. 31 ఇళ్ళనూ దాంతోనే కొలిచారు.

మా అమ్మకు ఇద్దరు అన్నదమ్ములు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస (అమావాస్య) నాడు ఆమె పొద్దున్నుంచీ పని చేస్తూనే గల్లీ వైపు చూసేది. ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళాలి. ఒక ఏడాది పొలం పంచాయితీ వల్ల ఇద్దరూ రాలేదు. సాయంత్రం అమ్మ మా వాడకట్టులోనే ఆడింది. అందరితో పాటు పాట అందుకుంది, చప్పట్లు కొట్టింది, ఏమీ జరగనట్టే ఉంది. రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ కంచం ఇప్పటికీ నాకు గుర్తుంది. అందుకే మీ ఉత్తరంలో ‘తినకుండా’ అన్న మాట దగ్గర నేను ముందుకు కదల్లేకపోయాను.

తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డకు, అన్నం వడ్డించాక, బస్సుకు టైమవుతుందా? ఆ మాట మీ పరువు కాపాడటానికి అన్నది. పది మంది ముందు ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు, వాటా అడగలేదు. తమ్మీ అనే పిలిచి వెళ్ళిపోయింది.

ఇక మీ లెక్క చూద్దాం. నాన్న ఎకరం అమ్మారు కాబట్టి అక్క వాటా తీరిపోయిందన్నారు. ఆ ఎకరం డబ్బు మీ అక్క చేతికి రాలేదు, పెళ్ళివారి చేతికి వెళ్ళింది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచీ నేరమే. దాన్ని తెచ్చి ఆడపిల్ల వాటాలో కోస్తే ఎలా? మీ చదువుకు, హాస్టల్‌కు అయిన ఖర్చు మీ వాటాలో ఎవరైనా కోశారా? తాతల ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన హక్కు దేశం మొత్తానికి 2005లో వచ్చింది. మన దగ్గర ఎన్టీఆర్ హయాంలోనే 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే మీ అక్క పెళ్ళికి ఆరేళ్ళ ముందే. మీరిద్దరే వారసులైతే ఆ ఇంట్లో సగం ఆమెది. 38లో సగం 19 లక్షలు. మీరు పెట్టింది 50 వేలు, చీర.

రిజిస్ట్రేషన్ అయిన సంతకం ఉంది కాబట్టి కోర్టుకు వెళ్తే బహుశా మీదే పైచేయి. మీ అక్క వెళ్ళదని మీకూ తెలుసు. చట్టం ఇచ్చినదాన్ని ఆమె తమ్ముడి కోసం వదులుకుంది. ఇష్టంగా వదులుకుందా, అడగలేక వదులుకుందా అని మీరు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెను అడగలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించింది. అడగని ఆడపిల్లకు వాటా ఇవ్వనక్కర్లేదు అనుకునే ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. అది తప్పని నేను ఎవరి ముందైనా చెప్తాను.

ఇప్పుడు చేయవలసింది ఒకటుంది. ముందు మీ ఆవిడతో కూర్చుని విషయం అంతా చెప్పండి. అక్కకు ఇవ్వబోయే డబ్బు ఆమె సంసారంలోంచి వెళ్ళేది, కాబట్టి ఆమెకు తెలియకుండా మాట ఇవ్వకూడదు. ఇల్లు కొనడానికి దాచిన డబ్బులోంచే ఇవ్వాల్సి వస్తుంది. అందువల్ల ఇల్లు మూడేళ్ళు ఆలస్యమైనా కానివ్వండి.

తర్వాత ఒక్కరే వెళ్ళండి. ఫోన్ చేసి మాట్లాడేది కాదు ఇది. పిల్లల్ని వెంటబెట్టుకుని పోకండి, వాళ్ళ ముఖం చూసి ఆమె మనసులో మాట మింగేస్తుంది. చెక్కు రాసి జేబులో పెట్టుకుని కూడా పోకండి. గుమ్మంలోనే డబ్బు సంగతి ఎత్తితే అది ఇంకో రిజిస్ట్రేషన్‌లా ఉంటుంది. బావ నాలుగు మాటలంటారు. అననివ్వండి, సమాధానం చెప్పకండి. ఆయన భార్య కళ్ళనీళ్ళు ఇన్నేళ్ళూ చూసింది ఆయనే. అక్క అన్నం పెడితే తినండి. పెట్టకపోతే ఆకలితో కూర్చోండి. ‘నీ వాటా నేను తిన్నాను అక్కా’ అని సూటిగా చెప్పండి. పరిస్థితులు, ఈఎంఐలు, పిల్లల ఫీజులు అంటూ మొదలుపెట్టకండి. డబ్బు ఎంత, ఎప్పుడు, ఎన్ని విడతల్లో అన్నది రెండోసారి వెళ్ళినప్పుడు మాట్లాడండి. కొత్త ఇంట్లో ఆమె పేరూ రాయించాలనుకుంటే ముందు ఆమెకు ఇష్టమేనా అని అడగండి. ఈసారైనా అడగండి.

ఆమె వద్దనవచ్చు. ‘నాకేం వద్దు తమ్మీ, పో’ అనవచ్చు. దాన్ని పట్టుకుని ‘అక్కే వద్దంది’ అని ఇంటికి వచ్చేయకండి, 2019లో జరిగింది అదే. పిలవకపోయినా మళ్ళీ వెళ్ళండి.

పెత్రమాసకు ముందే ఒక ఆదివారం చూసుకోండి. ఎలాగూ ఆదివారాలు మీకు రోడ్ల మీద అలవాటైనవే. ఆ వారం ఆమె రాకపోయినా, చివరి రోజు సద్దుల బతుకమ్మకు మళ్ళీ వెళ్ళి పిలవండి. మీ సెల్లార్‌కే పిలవండి, మీ అమ్మాయి అక్కడే ఆడుతుంది కదా. షాద్‌నగర్ ఇల్లు అప్పటికింకా అమ్ముడుపోకుండా ఉంటే, అక్కను కూడా తీసుకెళ్ళి ఒకసారి చూపించండి. వాకిలి సరిపోతుందో లేదో ఆమె చెప్తుంది.