పుంజు కూయడం మానేస్తే

ప్రశ్న: మా పుంజు కొన్ని రోజులుగా కూయడం లేదు. ఈకలు ఉబ్బించుకుని, తోక వాల్చేసి, కళ్లు మూసుకుని ఒక మూలన నిలబడుతోంది. గింజలు చల్లితే మాత్రం ముక్కుతో పొడుస్తూనే ఉంది. రెట్ట ఆకుపచ్చగా పడుతోంది. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రను పొడి చేసి నీళ్లలో కలపవచ్చునా?

జవాబు: కలపవద్దు. వైరస్ వల్ల వచ్చే జబ్బులపై యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా జబ్బుపడిన కోడి నీళ్లు తాగడమే తగ్గిస్తుంది కనుక, దాని కడుపులోకి ఎంత మందు వెళ్లిందో మీకు తెలిసే వీలు లేదు.

గింజలు పొడుస్తోందన్న మాటను బట్టి అది తింటోందని అనుకోకండి. పెట్టలను పిలిచి, గింజను ముక్కుతో ఎత్తి వాటి ముందు వదలడం పుంజుకు స్వభావం కనుక, మేత మీద మనసు పోయిన పుంజు కూడా చూసేవారికి తింటున్నట్టే కనిపిస్తుంది. నిజం చెప్పేది మెడ మొదట్లో, రొమ్ముకు పైన ఉండే మేతసంచి. ఆరోగ్యంగా ఉన్న కోడికి అది రాత్రి గూటికి చేరేటప్పుడు నిండుగా, తెల్లవారి మేత పెట్టకముందు ఖాళీగా ఉంటుంది. రాత్రి కూడా ఖాళీగా ఉంటే పుంజు తినడం లేదు. తెల్లవారినా గట్టిగా ముద్దకట్టి ఉంటే మేత అడ్డుపడింది. నీళ్లు నింపిన బెలూన్‌లా మెత్తగా ఉండి నోటి నుంచి పులిసిన వాసన వస్తే లోపలి మేత పులిసిపోయింది. కక్కించాలని తలకిందులుగా పట్టుకుంటే మాత్రం ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది.

అదే సమయంలో రొమ్ము ఎముకను తడమండి. దానికి రెండు వైపులా కండ కరిగి ఎముక పదునుగా తగిలితే, జబ్బు మీ కంట పడకముందు నుంచే ఉన్నదని అర్థం. ఒళ్లు కాలుతోందని కంగారు పడవద్దు. కోడి శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది కనుక మన చేతికి అది ఎప్పుడూ వేడిగానే తోస్తుంది. తినని కోడికి పైత్యరసం వల్ల కూడా రెట్ట ఆకుపచ్చగా పడుతుంది. అయితే దానికి తోడు నోరు తెరిచి ఎగశ్వాస తీయడం, మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం కనిపిస్తే కొక్కెర తెగులును (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) అనుమానించాలి. దానికి ముందుగా వేయించే టీకాయే తప్ప చికిత్స లేదు. రెట్టలో రక్తం కనిపిస్తే అది వేరే జబ్బు, మందు కూడా వేరే. అందుకే తాజా రెట్టను పశువైద్యుడికి చూపించండి.

ఈలోగా పుంజును మిగతా కోళ్లకు దూరంగా, గాలి కొట్టని పొడి చోట ఉంచండి. ఒక పక్కన మాత్రమే బల్బు వేడి తగిలేలా పెడితే, వేడి ఎక్కువైనప్పుడు పుంజే అవతలి పక్కకు జరుగుతుంది. నానబెట్టిన దాణా, మంచినీళ్లు అందుబాటులో పెట్టండి. నోట్లో నీళ్లు పోయవద్దు. శ్వాసనాళపు ద్వారం నాలుక వెనుకనే ఉంటుంది కనుక, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముక్కు కొసను నీళ్లలో ముంచితే చాలు, అదే తాగుతుంది. ముందు ఆరోగ్యంగా ఉన్న కోళ్ల పని ముగించుకుని, ఆ తర్వాతే దీని దగ్గరికి వెళ్లి, వచ్చాక చేతులు, చెప్పులు కడుక్కోండి.

ప్రశ్న: బతకదనిపిస్తే కోసి వండుకోవచ్చునా?

జవాబు: వద్దు. జబ్బు కోడిని కోసేటప్పుడే మనుషులకు సోకే ప్రమాదం ఎక్కువ. చనిపోతే చేతికి తొడుగు వేసుకుని లోతుగా పూడ్చండి. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతుంటే బర్డ్ ఫ్లూ కావచ్చు కనుక, వాటిని తాకకుండా వెంటనే పశువైద్య అధికారులకు తెలియజేయండి.