ఒకే షేరుకు రెండు పీఈలు ఎందుకు?

ఒక సైట్‌లో పీఈ (షేరు ధరను ఒక్కో షేరుకు వచ్చే లాభంతో భాగిస్తే వచ్చే అంకె) 38, ఇంకోదాంట్లో 21 చూపిస్తోందంటే, చాలావరకు ఒకటి స్టాండలోన్ లాభం (ఆ కంపెనీ ఒక్కదానిదే), రెండోది అనుబంధ కంపెనీలన్నీ కలిపిన కన్సాలిడేటెడ్ లాభం తీసుకుని ఉంటుంది. కన్సాలిడేటెడే పట్టుకోండి. నిఫ్టీ పీఈని కూడా 2021 మార్చి 31 నుంచి అలాగే లెక్కిస్తున్నారు, ఆ రోజు అంకె ఒక్కసారిగా తగ్గింది (అది చూసి మార్కెట్ చవకైందనుకున్నవాళ్లూ లేకపోలేదు).

1. గత నాలుగు త్రైమాసికాల కన్సాలిడేటెడ్ ఈపీఎస్ (ఒక్కో షేరుకు వచ్చే లాభం) కలపండి. మీ షేరు ధర 840, ఈపీఎస్ 40 అనుకుంటే పీఈ 21.

2. అందరూ వదిలేసేది ఇదే: ఫలితాల పట్టికలో పన్నుకు ముందు లాభం పైన ‘ఎక్సెప్షనల్ ఐటమ్స్’ అనే వరుస ఉంటుంది, అక్కడ స్థలమో వాటానో అమ్మగా వచ్చిన లాభం కనిపిస్తే పన్ను పోగా షేరుకు ఎంత పడుతుందో చూసి ఈపీఎస్‌లోంచి తీసేయండి, ఎందుకంటే ఆ లాభం వచ్చే ఏడాది రాదు. 40లో 12 అలాంటిదైతే మిగిలేది 28. పీఈ 30!

3. ఆ 30ని అదే రంగంలోని కంపెనీలతోనే పోల్చండి. బ్యాంకుతో ఎఫ్‌ఎంసీజీని (సబ్బులు, బిస్కెట్ల లాంటి రోజువారీ సరుకుల కంపెనీని) పోల్చొద్దు.